రేవు పాకలో చెప్పులు

మా అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఎంత పెద్ద ప్రశ్న తెచ్చినా ముందు "భోంచేశావా?" అని అడిగేవారు. ఆ తరువాత వాదం పెట్టుకోకుండా, ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. నాకు ఒక్కోసారి ఒళ్ళు మండేది. సూటిగా చెబితే ఈయన సొమ్మేం పోయిందీ అనుకునేవాణ్ణి.

ఆ రోజు సోమశేఖరం సంచీ సర్దుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన ఎదుటికి వచ్చాడు. మూడేళ్ళుగా మా ఆశ్రమంలో ఉన్నవాడు. చదువులో మా అందరికన్నా చురుకు. ఎవరినీ మంచినీళ్ళు కూడా అడిగి ఎరగడు. తన చెంబు, తన దుప్పటి, తన దీపం, అన్నీ తన గదిలోనే. మేమందరం వాకిట మెట్ల మీద చెప్పులు విడిచేవాళ్ళం. అతను మాత్రం, మావాటిలో కలిసిపోతాయని, తనవి గదిలోకి తీసుకుపోయేవాడు.

"మొన్న రెండు రోజులు జ్వరంతో పడి ఉన్నానండీ. వీళ్ళలో ఒక్కరు కూడా తలుపు తట్టలేదు. నేను ఉన్నానో పోయానో ఎవరికీ పట్టని చోట ఇంక ఉండమంటారా?" అన్నాడు. మేం తలలు దించుకున్నాం. నిజమే, మాకు తెలియలేదు. ఊరెళ్ళాడేమో అనుకున్నాం.

"భోంచేశావా?" అన్నారు అయ్యవారు.

"ఆకలి లేదండీ."

"అయితే కూర్చుని విను. ఈలోగా అదే వేస్తుంది" అని మొదలుపెట్టారు.

గోదావరి రెండు పాయల మధ్య మెరకలంక అని చిన్న ఊరు. వంతెన లేదు. అవతలి ఒడ్డుకి వెళ్ళాలంటే లోవరాజు పడవ ఒక్కటే దిక్కు. లంక వైపు రేవులో పడవ దాకా మోకాలి లోతు నల్లబురద ఉంటుంది. చెప్పులేసుకుని దిగితే చెప్పులు దానికే. చేత్తో పట్టుకుందామంటే చేతుల్లో పాలకేన్లు, అరటిగెలలు. అందుకని ఆ ఊళ్ళో మనిషికి రెండు జతలు. ఒక జత లంకలో తిరగడానికి. దాన్ని రేవు దగ్గర తాటాకు పాకలో విడిచి బురదలోకి దిగుతారు. రెండో జత అవతల టీకొట్టు చూరు కింద ఉంటుంది. సాయంత్రం దీపాలవేళ ఆఖరి పడవ వచ్చాక, లోవరాజు లాంతరు పుచ్చుకుని పాకలోకి వంగి చూస్తాడు. ఒక్క జత మిగిలి ఉన్నా, ఎవరో అవతల ఉండిపోయారని, మళ్ళీ తెడ్డు వేసుకుని అవతలికి పోతాడు. ఎవరూ చెప్పిన పని కాదు. వాళ్ళ నాన్న అలాగే చేసేవాడు, తనూ చేస్తాడు, అంతే.

ఆ లంకకి నరహరి అనే ఆయన వచ్చి స్థిరపడ్డాడు. ముప్ఫై ఏళ్ళు ఓడల్లో ఇంజినీరుగా దేశాలన్నీ తిరిగినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఒకసారి తిరుగుతూ తిరుగుతూ ఇటు వచ్చి, ఆ నీళ్ళూ ఆ కొబ్బరినీడా చూసి, చచ్చేదాకా ఇక్కడే అనుకున్నాడు. ఉన్నదంతా ఊడ్చి అక్కడే పెట్టాడు. నాలుగెకరాల తోట కొన్నాడు. వచ్చే యాత్రికులకని ఏటికి ఎదురుగా ఆరు గదులు కట్టాడు. మంచివాడు, గర్వం లేదు. ఒకరిని ఏదైనా అడగాలంటే మాత్రం ప్రాణం పోయేది. అందుకని ఎవరినీ అడగక్కర్లేకుండా అన్నీ అమర్చుకున్నాడు. తోటలోనే బోరు, కప్పు మీద సౌరదీపాలు, సొంత మోటారు పడవ, తోట వెనక రాతిమెట్లతో సొంత రేవు. బురద తొక్కే అవసరమే లేదు.

చలికాలంలో యాత్రికులు వచ్చేవారు. నవ్వేవారు, ఫోటోలు తీసుకునేవారు, వెళ్ళిపోయేవారు. మిగతా ఏడాదంతా ఆయనా, ఏరూ. రెండు కంచాలు కడిగిపెట్టుకుని ఒక దాంట్లో తినేవాడు. ఊరివాళ్ళు ఎదురైతే "బాగున్నారా గెస్టుహౌసుగారూ" అని పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవారు. "అయిదేళ్ళయిందండీ, నా పేరు కూడా ఎవరికీ తెలియదు. అమ్మేసి పోదామనుకుంటున్నాను. ఎక్కడికి పోవాలో తెలియడం లేదు" అని నాతోనే ఒకసారి అన్నాడు.

ఆ భాద్రపదంలో ఏటికి వరదతో ఎర్రనీరు వచ్చింది. నరహరి ఏదో పని మీద అవతలికి వెళ్ళి పొద్దువాలాక తిరుగుముఖం పట్టాడు. నడియేట్లో మోటారుకి గుర్రపుడెక్క చుట్టుకుంది. పడవని ప్రవాహం ఈడ్చుకుపోయి దిగువన ఇసకతిప్ప మీద పారేసింది. ఫోను నీళ్ళపాలైంది. అప్పుడే ఎగువన లోవరాజు ఆఖరి పడవ లంకకి దాటుతోంది. కేక వెయ్యాలి. కానీ ఎవరినీ పిలిచి ఎరగని నోరు, ఏమని పిలుస్తుంది? నోరు పెగిలేసరికి పడవ దూరమైపోయింది. గాలి ఎదురు. లంక వైపు లాంతరు రేవు ఎక్కింది. పాకలోకి వంగింది. ఒక్క క్షణం ఆగింది. తరువాత ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

తెల్లారి మొదటి పడవలో పాలు తీసుకెళ్తున్న సత్యవేణి ఆయన్ని చూసింది. అప్పటికి తిప్ప మీద నీళ్ళు నడుము దాకా వచ్చి ఉన్నాయి. ఆవిడ తన తలగుడ్డ విప్పి ఆయన భుజాలకి చుట్టింది. లోవరాజు కోపంతో, ఏడుపుతో అరిచాడు.

"పాకలో మీ చెప్పుల్లేవండీ! ఉంటే నేను ఇంటికెళ్తానా?"

నరహరి వారం రోజులు మంచం మీద ఉన్నాడు. లేచిన రోజు సాయంత్రం ఒక పాత జత వేసుకుని రేవుకి నడిచి, పాకలో అందరి చెప్పుల పక్కన విడిచి, ఒట్టికాళ్ళతో ఇసకలో ఇంటికి వచ్చాడు. ఏరు దాటలేదు. తెలిసి చేశాడో తెలియక చేశాడో నేను అడగలేదు.

దీపాలవేళ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏటి అవతల నుంచి కేక వినిపించింది.

"నరహరిగారండోయ్!"

ఎవరికీ తెలియదనుకున్న పేరు, అయిదేళ్ళలో ఆ లంకలో ఎవరి నోటా వినని పేరు. లాంతరు అవతలి ఒడ్డంతా వెతుకుతూ తిరుగుతోంది. "నరహరిగారండోయ్" అని మళ్ళీ కేక. లేచి పలకాలి కదా? పలకలేదు. మూడోసారి పిలిచేదాకా అలాగే కూర్చుని విన్నాడు. అప్పుడు మెట్ల దాకా పరుగెత్తుకెళ్ళి, గొంతు చించుకుని "ఇక్కడున్నానయ్యా" అని అరిచాడు.

మర్నాడు సత్యవేణి ఆయన గుమ్మంలోకి వచ్చి చెడామడా దులిపేసింది. "మనిషి అవతలికెళ్తేనే పెట్టాలండీ చెప్పులు! ఆటలనుకున్నారా? ఆ ఎర్రనీట్లో మా లోవరాజు రెండుసార్లు తిరిగాడు." ఆయన కళ్ళు తుడుచుకుంటూ తిట్లన్నీ విన్నాడు. తోట అమ్మలేదు. సంతరోజున ఇప్పుడు మోకాలి దాకా బురద తొక్కి లోవరాజు పడవే ఎక్కుతాడు.

అయ్యవారు ఆగారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "లంకవాళ్ళది కూడా తప్పే కదండీ? అయిదేళ్ళు ఒక్కణ్ణి అలా వదిలేశారే" అన్నాను. నా గొంతులో ఏదో ఇబ్బంది నాకే వినిపించింది. సోమశేఖరం జ్వరంతో పడి ఉన్న గది నా గదికి పక్కదే.

అయ్యవారు నన్ను ఒకసారి చూశారు. ఆ చూపు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సోమశేఖరం లేచి, సంచీ భుజాన వేసుకున్నాడు. చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. "నేను వెళ్ళాలో ఉండాలో మీరు చెప్పలేదండీ" అన్నాడు.

"వెళ్తే వెళ్ళు నాయనా" అన్నారు అయ్యవారు. "ఆ చెప్పులు మాత్రం మెట్ల మీద వదిలి వెళ్ళు."