చెయ్యి అడ్డం పెట్టని రాజుగారు

ఒకానొక రాజ్యంలో, పేరెందుకు లెండి, అక్కడివాళ్లు నొచ్చుకుంటారు, విభవరాయలనే రాజుండేవాడు. ఖజానా ఖాళీ అయినా ఆయన దర్జా తగ్గేది కాదు. పట్టపుటేనుగుకు బంగారు గంటలు, పెంపుడు నెమలికి అయిదు రోజుల పెళ్లి. అన్నీ నాగలింగం శెట్టి దగ్గర తెచ్చిన అప్పుతోనే!

గడువు దాటింది. శెట్టి చేతులు కట్టుకుని బాకీ అడిగాడు. అంతే, రాజుగారికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"నన్ను అప్పులపాలు చేసింది నువ్వే! అడగ్గానే ఎందుకిచ్చావురా? రేపు పొద్దున్నే వీడి తల తీయించండి!"

సభలో ఒక్కరూ కాదనలేదు. పైగా "చిత్తం, చిత్తం" అన్నారు. ఆస్థాన విదూషకుడు మాచన మాత్రం లేచి దణ్ణం పెట్టాడు.

"భేషైన తీర్పు ప్రభూ! ఈ సంతోషంలో ఇవాళ మధ్యాహ్నం మా ఇంట భోజనానికి దయచేయాలి."

భోజనమంటే రాజుగారు కాదంటారా? వచ్చి పీట మీద కూర్చున్నారు. వడ్డించే సోమయ్యకు మాచన ముందే చెప్పి ఉంచాడు: "విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డిస్తూనే ఉండు."

నేతిలో ముంచిన పూర్ణం బూరెలు! రాజుగారు చెయ్యి అడ్డం పెడితే ఒట్టు. "ఊఁ, వెయ్యి... ఇంకో రెండు వెయ్యి" అంటూ లాగించారు. చివరికి లేవలేక "అమ్మో, కడుపు!" అంటూ పక్కకు ఒరిగారు.

మాచన సోమయ్య రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

"దొరికాడు దోషి! రేపు శెట్టితోపాటు వీడి తల కూడా తీయిద్దాం ప్రభూ!"

"నీకేమైనా మతిపోయిందా? అడిగి వేయించుకున్నది నేను. నేను చెయ్యి అడ్డం పెట్టకపోతే వాడేం చేస్తాడు, పాపం?"

"శెట్టి వడ్డించినప్పుడు కూడా తమరు చెయ్యి అడ్డం పెట్టలేదు కదా, మహాప్రభూ!"

రాజుగారు నవ్వబోయి, "అబ్బా, నవ్వించకురా, నొప్పి!" అని మూలిగారు. శెట్టిని వదిలేయమన్నారు. గంటలూ, నెమలి పెళ్లి నగలూ అమ్మి బాకీ తీర్చమన్నారు.

"శభాష్ మాచనా! నీకు వెయ్యి వరహాలు! ఎవర్రా అక్కడ? శెట్టి దగ్గర అప్పు తెచ్చి..."

మాచన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలు ప్రభూ, చాలు! నాకు ఆ మిగిలిన బూరెలు చాలు."

ఈసారి రాజుగారు నొప్పి కూడా మరిచి పకపకా నవ్వారు. మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేశారు. అది తాతగారి హారం. రాజుగారి ఒంటిమీద అప్పు చేసి కొననిది అదొక్కటే!