విత్తనానికి విడిచిన మొక్క

"అమ్మా, నా చేనుకు కలుపు తీయనీకి ఆడోళ్లు ఎందుకు వస్తలేరు?" అని బస్వరాజు తన గురువు నింగమ్మను అడిగాడు. అడగక తప్పని స్థితి అతనిది. నాలుగెకరాల జొన్న మోకాలెత్తు కాకముందే గడ్డి దాన్ని మింగేస్తోంది. ఈ వారం కలుపు తీయకపోతే ఏడాది తిండి పోయినట్టే. కూలి అందరితో సమానంగా ఇస్తానన్నాడు, ఇంటింటికీ తిరిగాడు. ఒక్కరూ కదల్లేదు.

నింగమ్మకు ఊరికే కూర్చుని బోధించే అలవాటు లేదు. అప్పుడూ తన చేనులో కూలివాళ్లతో కలిసి కలుపు తీస్తోంది. "వంగు. పని చేసుకుంట మాట్లాడుదం" అంది.

ఆ ఊళ్లో మగవాళ్ల నడుము నాగలికి వంగుతుంది గాని కలుపుకు వంగదు. బస్వరాజు గురుభక్తి కొద్దీ వంగాడు. అతని ముందు కూలికొచ్చిన తుల్జమ్మ సాలు పట్టి పోతోంది. ఆమె దాటిన చోట ఒక చెంచలి మొక్క అలాగే నిలబడి ఉంది. అతను దాన్ని గభాలున పీకి పైకెత్తాడు.

"చూసినవా అమ్మా! కూలి తీసుకొని ఇట్ల ఇడిసిపెడ్తరు. నా చేన్ల అయితే నేనే ఎనకెనక తిరిగి పీకేస్త."

తుల్జమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని లేచింది. "పటేలా, అది సూడక ఇడిసింది కాదు, సూసే ఇడిసిన. సాలుకొకటి ఇత్తనానికి ఇడుస్తం. నువ్వు మూడేండ్ల సంది మా ఎనకనే వచ్చి పీకితివి. ఇప్పుడు నీ చేన్ల చెంచలి కూర లేదు, దొగ్గలి కూర లేదు, ఉత్త గడ్డే. కూలి యాడైనా గదే. కొంగుల ఇంత కూరాకు పడకుంటే మా పిల్లలు రొట్టె దేంతోని తినాలె?"

"చేను గాదక్కా, మన పొయ్యిలే సాఫ్ జేసిండు పటేలు!" అని ఇంకొకామె అంది. ఆడవాళ్లందరూ నవ్వారు.

మూడేళ్లుగా వానాకాలంలో కూడా తన ఇంట్లో పప్పొక్కటే ఎందుకు వండుతున్నారో అతను ఏనాడూ అడిగి ఎరగడు. పీకిన మొక్కను మళ్లీ మట్టిలో గుచ్చబోయాడు. వేరు తెగిపోయి ఉంది.

"తుల్జమ్మా, నాకు ఇంత ఇత్తనం ఇస్తవా?"

"ఇస్త. మరి మేం ఇడిసిన మొక్కను ముట్టనంటవా?"

బస్వరాజు నింగమ్మ వైపు చూశాడు.

"నా దిక్కు చూస్తవేంది?" అంది ఆమె, తల ఎత్తకుండానే. "అడిగింది తుల్జమ్మ."