వర్ధనమ్మ కట్టిన పాతకాలం కీబోర్డు

ఆశ్వయుజ బహుళ ఏకాదశి, గురువారం, పొద్దున్న తొమ్మిది దాటి ఇరవై నిమిషాలు. అమలాపురంలో సోమయాజులు గారింటి అరుగు మీద పార్సిల్ దిగింది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. సోమయాజులు, ఆయన భార్య వర్ధనమ్మ, తమ్ముడు అవధాని. ముగ్గురికీ కలిపి ఒకటే గర్వం. "జనం చెప్పింది సగం విని, మిగతా సగం సొంత తెలివి కలుపుతారు. అందుకే చెడతారు. మనం సొంత తెలివి చుక్క కూడా కలపం," అనేది వర్ధనమ్మ. ఆ మాట పాలవాడు కూడా ఒప్పుకున్నాడు.

అప్పుడు ఆవిడకి ఒకటే బెంగ. పోయిన తల్లి నలభై మంగళహారతులు నోటుపుస్తకంలో రాసిపెట్టింది. కాగితాలు అప్పడాల్లా విరిగిపోతున్నాయి. శుక్రవారం మధ్యాహ్నంలోగా కంప్యూటర్లో కొట్టి ఇస్తే కార్తీక పౌర్ణమికి పుస్తకం వేస్తానన్నాడు ప్రెస్సాయన. ఆ తరవాత పెళ్ళి కార్డుల రద్దీ, నన్నడగొద్దన్నాడు. సరిగ్గా అప్పుడే ఇంట్లో పాతకాలం కీబోర్డు మూగబోయింది. బొద్దు మీటలు, గదంతా వినపడే టకటక. ఆవిడ వేళ్ళు దానికే అలవాటు. కొత్తరకం పల్చటి మీటల మీద జారిపోతాయి.

కాకినాడ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే చెల్లెలి కూతురు భార్గవి, పాత మోస్తరు మీటలు, పెట్టె, తీగ విడివిడిగా పంపి ఫోన్ చేసింది. "బిగించుకోవడమే పెద్దమ్మా. పాతదాన్ని పక్కన పెట్టుకుని అచ్చం అలాగే చెయ్యండి. పిసరంత తేడా రాకూడదు."

"తేడానా? మా ఇంట్లోనా?" అంది వర్ధనమ్మ.

అంతే, పని మొదలైంది. నూట నాలుగు మీటలూ వరసలో కూర్చున్నాయి. సోమయాజులు కళ్ళజోడు సవరించుకుని పాతదాన్ని చూశాడు. "ఏమే, దీని రంగు పసుపు తిరిగింది. కొత్తది తెల్లగా ఉందే!"

ఇంకేముంది, వర్ధనమ్మ పసుపు కలిపి పూసింది.

"వదినా, పాతదాన్లో 'ర' అరిగిపోయింది," అన్నాడు అవధాని. బూడిద, కొబ్బరి పీచు తెచ్చి కొత్త 'ర'ని కనపడకుండా తోమేశారు. పాతదాన్ని తలకిందులు చేసి దులిపితే ఐదు అటుకులు, ఒక ఆవగింజ రాలాయి. లెక్కపెట్టి కొత్తదాన్లో వేశారు. అటుకులు ఆరు పడ్డాయి. అవధాని చీపురుపుల్లతో పొడిచి ఒకటి బయటికి లాగి, "పిసరంత తేడా రాకూడదు కదా," అని నోట్లో వేసుకోబోయి, ఏకాదశి గుర్తొచ్చి పారేశాడు.

చివరికి తీగ దగ్గరికొచ్చారు. పాతదాని తీగని జానెడు దూరంలో ఎలక కొరికింది.

"ఇప్పటికిప్పుడు ఎలకని ఎక్కణ్ణించి తెస్తాం అన్నయ్యా?"

"నీ పళ్ళు ఏమయ్యాయిరా? జానెడు కొలిచి కొరుకు."

అవధాని కొరికాడు. ఎలకంత నున్నగా రాలేదని అన్నగారు తిట్టారు. మళ్ళీ కొరికాడు. కంప్యూటర్‌కి తగిలించి మీట నొక్కితే తెర మీద ఏమీ పడలేదు. సోమయాజులు ఎగిరి గంతేశాడు. "పని చెయ్యట్లేదే! అచ్చం పాతదే!"

వర్ధనమ్మ మురిసిపోతూ భార్గవికి ఫోన్ చేసి చెప్పింది.

"పెద్దమ్మా," అంది ఆ పిల్ల నీరసంగా, "పార్సిల్ అడుగున ఇంకో తీగ ఉంది. అది పెట్టండి. మీటల మీద టోపీల్లా ఉన్నవి ఊడదీసి, కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ తొడగండి. ఇంకేమీ చెయ్యకండి."

చెప్పింది చెప్పినట్టు చేశారు. తీగ మార్చారు. టోపీలు కడిగి డాబా మీద పాతచీర పరిచి వడియాల్లా ఆరబెట్టారు. వడియాలైతే కాపలా కూర్చునేవాళ్ళు. 'ఇంకేమీ చెయ్యకండి' అంది కదా, కూర్చోలేదు. సాయంత్రం పైకెళ్ళేసరికి ఒక కాకి ముక్కున 'మ' కరుచుకుని పిట్టగోడ మీద నించుని ఉంది. వాళ్ళని చూసి ఎగిరిపోయింది.

వర్ధనమ్మ చేతులు జోడించింది. కళ్ళమ్మట నీళ్ళు. "అమ్మే! ఆబ్దికం నాడు గంటసేపు పిలిస్తే గానీ రాదు. ఇవాళ పిలవకుండా వచ్చింది!"

"టోపీ లేకపోయినా కింద మొలక ఉంది వదినా, నొక్కితే 'మ' పడుతుంది," అన్నాడు అవధాని.

"అమ్మ పట్టుకెళ్ళిన అక్షరం మళ్ళీ ముట్టుకుంటామా? తప్పు!"

మిగతావి తొడిగి, దణ్ణం పెట్టుకుని కొట్టడానికి కూర్చుంది. 'మంగళం' బదులు 'ంగళం' పడింది. మహాలక్ష్మి కాస్తా హాలక్షి అయింది. మొదటి హారతి సగానికొచ్చేసరికి వర్ధనమ్మకి ఏడుపాగలేదు. "అమ్మ పాటలు ఇలా అచ్చువేయిస్తే పైనుంచి ఏమనుకుంటుందండీ?"

సోమయాజులు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించాడు. "పిచ్చిదానా, మీ అమ్మ 'మ' ఎందుకు పట్టుకెళ్ళింది? మంగళహారతి మొదలుపెట్టడానికి. ఆవిడే రాసుకుంటోంది. మిగతా అక్షరాలు లేక అక్కడ ఆగిపోయుంటుంది, పాపం!"

మర్నాడు ద్వాదశి. తెల్లారగానే స్నానాలు చేసి, ఎవరూ పారణ చెయ్యకుండా, మిగిలిన నూట మూడు అక్షరాలూ ఊడదీసి, విస్తరాకులో వడ్డించి పిట్టగోడ మీద పెట్టి ముగ్గురూ నించున్నారు. ఫోన్ మోగింది. భార్గవి.

"పెద్దమ్మా, పాటలు ప్రెస్సుకి వెళ్ళాయా?"

"రాసిన మనిషే వస్తుంటే మధ్యలో నేనెందుకమ్మా తప్పులు కొట్టడం? ఉండు, కాకులొచ్చాయి."

నాలుగు కాకులొచ్చాయి. విస్తరి చుట్టూ గెంతాయి, మెడలు వంకర తిప్పి చూశాయి, ముట్టకుండా వెనక్కి జరిగాయి.

"ఒట్టి అక్షరాలు గొంతు దిగొద్దా వదినా?" అన్నాడు అవధాని.

అంతే, వర్ధనమ్మ వంటింట్లోకి పరిగెత్తి నేతిగిన్నె తెచ్చి, నూట మూడింటి మీదా ధారగా పోసింది.