ఏనుగమ్మ వంతు

ఇప్పచెట్లు గుబురుగా ఉండే ఆ అడవి పేరు ఇప్పలవనం. అందులో ఒక ఏనుగమ్మ, కుందేళ్లు, దుప్పులు, నెమళ్లు, ముట్టెగాడు అనే అడవిపంది ఉండేవి.

ఎండాకాలం వాగు ఎండిపోతే ఏనుగమ్మ కాలితో ఇసుక తవ్వి చెలమ తీసేది. అందులో ఊరే నీళ్లే అందరికీ ఆధారం. చిన్నవి ముందు తాగాలి, పెద్దవి తర్వాత. అందరికన్నా చివరి వంతు ఏనుగమ్మది. చెలమలో ఎవరూ దిగకూడదు. దిగినవారు వాన పడేదాకా రాళ్లగుట్ట మీద ఉండాలి. అక్కడ నీటి చుక్క దొరకదు. ఈ కట్టుబాటు పెట్టింది ఏనుగమ్మే.

ముట్టెగాడికి ఒళ్లంతా పొగరు. "నా ఒళ్లు మండిపోతుంటే మీ కట్టుబాట్లు నాకెందుకు?" అంటూ ఒక మధ్యాహ్నం చెలమలోకి దూకి హాయిగా పొర్లాడు. ఒడ్డు కూలింది. ఊట పూడిపోయింది. ఏనుగమ్మ మళ్లీ తవ్వి నీళ్లు ఊరేసరికి రెండు రోజులు పట్టింది. ఈలోగా ఒక కుందేలు పిల్ల దాహంతో చనిపోయింది.

అది చూశాక ముట్టెగాడి పొగరు దిగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? "నన్ను క్షమించండి" అని ఏడ్చాడు.

"ఊరికే క్షమిస్తే నా బిడ్డ ప్రాణానికి విలువ లేదా?" అంది తల్లి కుందేలు.

"ఉంది. శిక్ష తప్పదు," అంది ఏనుగమ్మ. "కానీ వీడు గుట్ట మీద నాలుగు రోజులు కూడా బతకడు. నా పెద్ద ఒళ్లు ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటుంది. వీడి బదులు నేను వెళ్తాను."

"నువ్వు ఏ తప్పూ చేయలేదు కదమ్మా!" అన్నాడు ముట్టెగాడు.

"చేసుంటే నా శిక్షే నాకు సరిపోయేది. నీది మోయడానికి వీలుండేది కాదు."

తల్లి కుందేలు చివరికి సరేనని తల ఊపింది. ఏనుగమ్మ గుట్ట ఎక్కి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి చెలమకు కాపలా ముట్టెగాడే. ముట్టెతో ఇసుక తోడేవాడు గానీ, ఒళ్లు ఎంత మండినా నీళ్లలో దిగేవాడు కాదు. అందరూ తాగాక ఏనుగమ్మ వంతు వచ్చేది. అప్పుడు గుట్ట వైపు చూస్తూ నిలబడేవాడు. "ఇది నీ వంతమ్మా, ఎప్పుడొస్తావు?" అని రోజూ అడిగేవాడు. గుట్ట మీద ఎండ తప్ప ఏమీ కనిపించేది కాదు. బెంగతో వాడు సగమైపోయాడు.

ఒక సాయంత్రం వాన కురిసింది. జంతువులన్నీ బురదలో గంతులేశాయి. ముట్టెగాడు మాత్రం గుట్ట వైపు పరుగెత్తాడు. వాడి వెనకే తల్లి కుందేలూ వెళ్లింది. చిక్కి శల్యమైన ఏనుగమ్మ మెల్లగా దిగి వస్తోంది.

"అందరికీ నీళ్లు అందాయా?" అని అడిగింది.

"అందరూ తాగారు. నీ వంతే మిగిలిందమ్మా," అన్నాడు ముట్టెగాడు.

నీతి: మన శిక్షను మరొకరు మోసి మనల్ని బతికిస్తే, ఆ బతుకును వారి ప్రేమకు తగినట్టు బతకాలి.