మూడు వీధుల్లో ఒక ఇల్లు

సిరిపురం రాజు గజసింహరాయలకు సంతోషం కలిగితే చాలు, ఊళ్లో ఏదో ఒక వీధి పేరు మారిపోయేది. ఏనుగు ఈనితే ఒక పేరు, చదరంగంలో బావమరిదిని ఓడిస్తే ఇంకో పేరు.

ఒక పుట్టినరోజున ఆ సంతోషం వీధులతో తీరలేదు. ఇల్లు తాకట్టు పెట్టినవారికి, ఇంటికొక ఎద్దు ఖరీదు చొప్పున ఖజానా నుంచి అప్పివ్వమని చాటింపు వేయించాడు.

చాటింపు ఊరంతా విన్నది. అప్పు మాత్రం ఎవరికీ పుట్టలేదు. కోశాధికారి మృత్యుంజయామాత్యుడు ప్రతి పత్రంలోనూ ఏదో ఒక తప్పు పట్టి, ఖజానా తన చలవ వల్లే నిలిచిందని మీసం దువ్వుకునేవాడు.

గానుగ ఆడించే ఓబులమ్మ ఎద్దు చచ్చిపోయింది. గానుగ తిరగకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అప్పు కోసం కోశాధికారి దగ్గరికి వెళ్లిన ఆమె, ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు విస్సన్న దగ్గరికి వచ్చింది.

"ఇంటి పట్టాలో గుర్రాలవీధి అని ఉందంట. పన్ను రసీదులో గున్నేనుగు వీధి. గానుగ అనుమతిలో విజయవీధి. మూడు వీధుల దొంగదాన్నని తరిమేశాడు సామీ! కాపురానికొచ్చినకాడి నుంచి ఆ గడప తప్ప ఇంకోటి ఎరగను."

"పేర్లు మారాయని చెప్పలేకపోయావా?"

"మార్చిందెవరని అడిగితే? ఈ తంటా రాజుగారి వల్లేనని అన్నాక నా తల ఉంటుందా?"

విస్సన్నకూ ఉన్నది ఒక్క తలే. అందుకే ఆ మాట ఇంకెవరి నోటనైనా పలికించాలనుకున్నాడు.

మర్నాడు ఓబులమ్మను వెంటబెట్టుకుని, నవ్వు మొహంతో సభకు వెళ్లాడు.

"మహాప్రభూ, శుభవార్త! తమ ఏలుబడిలో గానుగ ఆడించుకునే ఆడమనిషి కూడా మూడు వీధుల్లో మూడిళ్లు కట్టుకుందట. స్వయంగా కోశాధికారిగారే కనిపెట్టారు!"

రాజు ఉబ్బిపోయాడు. "నిజమా అమాత్యా?"

కోశాధికారి మీసం మీద చెయ్యేసుకున్నాడు. "నా కళ్లు కప్పడం ఎవరి తరం ప్రభూ? మూడు పత్రాలు, మూడు వీధులు."

"అయితే ఆజ్ఞ ప్రకారం ఇంటికొక ఎద్దు చొప్పున ఆమెకు మూడెద్దుల ఖరీదు రావాలి కదా ప్రభూ?" అన్నాడు విస్సన్న.

"భేష్! ఇప్పించండి," అన్నాడు రాజు.

కోశాధికారి మీసం మీది చెయ్యి దించేశాడు. మూడింతల డబ్బు! రేపు మూడిళ్లు చూపించమంటే ఎక్కణ్ణించి తేవడం?

"మూడిళ్లెక్కడివి ప్రభూ!" అని గావుకేక పెట్టాడు. "ఉన్నది ఒక్కటే కొంప, ఒక్కటే వీధి! తమరు పేరు మార్చినప్పుడల్లా కొత్త ఇల్లు లేస్తుందా?"

కోశాధికారి నాలుక కరుచుకున్నాడు. ఓబులమ్మ బిక్కచచ్చిపోయి నేల చూపులు చూసింది.

రాజు మొహం ఎర్రబడింది. ఇది ఎవరి పన్నాగమో తెలిసి విస్సన్న వంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి సభంతా నవ్వింది.

విస్సన్నకు తన భుజం మీది పట్టుశాలువా కప్పాడు. ఎద్దును కొని, పగ్గం పట్టుకుని ఓబులమ్మ ఇంటిదాకా తోలుకెళ్లే పని కోశాధికారికే అప్పజెప్పాడు.

"ఏ వీధికి తోలమంటారు ప్రభూ?" అని గొణిగాడు కోశాధికారి.

విస్సన్న శాలువా సర్దుకుంటూ అందుకున్నాడు.

"ఆ మూడు పేర్లలో మీకు నచ్చిన వీధికి వెళ్లండి స్వామీ, తేలేది ఓబులమ్మ గుమ్మం ముందే!"