గవరయ్య తొట్టికి మూడు చిల్లులు

అనగనగా, కాళ్ళు ముడుచుకుని పడుకున్న పిల్లలకి మాత్రమే కనిపించే ఒక ఊళ్ళో, గవరయ్య అని ఒక కుమ్మరి ఉండేవాడు. ముడుచుకున్నావా అమ్మడూ? ఆ, అలా. ఇప్పుడు విను.

గవరయ్య కుండ అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. వేలితో కొడితే ఖంగుమనేది. సంతలో కుండ నిండా నీళ్ళు పోసి, పొడి బూడిద మీద పెట్టి, "చూసుకోండి" అని ఆయన చుట్ట ముట్టించుకుని కూర్చునేవాడు. చుట్ట అయిపోయేది గాని బూడిద తడిసేది కాదు. గవరయ్య కుండ చుక్క కారదని అందరూ అనుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువగా గవరయ్యే అనుకునేవాడు.

ఆయన భార్య నూకమ్మ. వాళ్ళ మనవరాలు పైడితల్లి. నీ ఈడుదే, నీ అంత మొండిదే.

ఒకరోజు కుండలు కాల్చడానికి బండెడు కంప వచ్చింది. పైడి ఒక్కో కొమ్మా అందిస్తోంది, తాత ఆవంలో పేరుస్తున్నాడు. అప్పుడు ఒక కొమ్మ మీద ఆకు కళ్ళు తిప్పింది. ఒక కన్ను పైడి వైపు, ఇంకో కన్ను తాత వైపు. ఆకుకి కళ్ళుంటాయా? అది ఊసరవెల్లి. పాపం, వెనక కాలు ఒకటి కంపలో నలిగి వేలాడుతోంది.

"పారేయే గుంటా, అది ఇంట్లోకి ఎందుకు?" అన్నాడు తాత.

"కాలు నలిగిపోనాది తాతా. బాగయ్యేదాకా ఉంచుతాను" అంది పైడి. తాత పక్కకి జరిగి దారిచ్చాడు. మనవరాళ్ళకి ఎదురు చెప్పగలిగిన తాతని నేనింతవరకు చూడలేదు.

పైడి దానికి పచ్చయ్య అని పేరు పెట్టింది. నూకమ్మ పెద్ద కోళ్ళగంప ఒకటి ఇచ్చింది. వసారాలో దాన్ని బోర్లించి, లోపల ఒక చిన్న జామ మొక్క నాటి, దాని మీద పచ్చయ్యని కూర్చోబెట్టారు. ఈగలు పట్టి పెట్టింది పైడి, తిన్నాడు. ముంతలో నీళ్ళు పెట్టింది, తాగలేదు. ముంత వైపు చూడను కూడా లేదు.

ఆ తర్వాత ఒక జల్లు కురిసింది. గాలికి గంప సందుల్లోంచి జామాకుల మీద చినుకులు పడ్డాయి. పచ్చయ్య నాలిక చాచి ఆ చుక్కలు ఒక్కొక్కటే నాకాడు. అప్పుడు పైడికి అర్థమైంది, వీడికి ఆకు మీద చుక్క కనిపిస్తేనే నీళ్ళని. ఇక పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వేపమండతో గంపంతా నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది.

పచ్చయ్య దాహం తీరింది. వసారా మాత్రం నాట్లకి సిద్ధం చేసిన మడిలాగా అయింది. నూకమ్మ రెండుసార్లు జారింది. మూడోసారి జారినప్పుడు గవరయ్యని పిలిచింది.

"దానికేటి, తొట్టి సేస్తాను" అన్నాడు గవరయ్య. చేశాడు. మొక్కని మట్టితో సహా తొట్టిలో పెట్టి, పైన గంప బోర్లించారు. వసారా ఆరింది. గవరయ్య తొట్టి కదా, చుక్క కారలేదు.

కారకపోతే నీళ్ళు ఎక్కడికి పోతాయి? అక్కడే ఉన్నాయి. వారం తిరక్కుండా అందులో దోమపిల్లలు ఈత కొట్టాయి. జామాకులు పసుపెక్కాయి.

"లోతు సాల్లేదు" అన్నాడు గవరయ్య. ఈసారి ఇంకా లోతుగా, ఇంకా నున్నగా, ఆయన చేసినవాటిలోకెల్లా మంచి తొట్టి చేశాడు. గులకరాయితో మూడు పూటలు రుద్దాడు. అందులో నీళ్ళు ఇంకా ఎక్కువ నిలిచాయి, ఇంకా ఎక్కువ కంపు కొట్టాయి. పచ్చయ్య అరికాళ్ళకి పుళ్ళు లేచాయి. పచ్చగా ఉండే ఒళ్ళు కాలిన పెంకు రంగుకి తిరిగింది.

"నీళ్ళు సల్లడం మానేయండి, సరిపోద్ది" అన్నాడు గవరయ్య మూడోసారి. పైడి ఏడుస్తూనే మానేసింది. రెండు రోజులకి పచ్చయ్య కళ్ళు లోపలికి పోయాయి.

ఆ మధ్యాహ్నం నూకమ్మ అన్నం వారుస్తోంది. గిన్నె మీద మూత అదిమిపట్టి, వంచి, గంజి బయటికి తీస్తోంది. తీస్తూ తీస్తూ అడిగింది, "ఈ గంజి వార్చకుండా ఎడితే తింటావేటి?"

"అన్నం సిమిడిపోదా?" అన్నాడు గవరయ్య.

"మరి పచ్చయ్య గూడు రోజూ సిమిడిపోతంది. పైన పోసినోడివి, కిందకి దారెట్టవా?"

నలభై ఏళ్ళుగా ఆవిడ ఆయన ఎదురుగానే వారుస్తోంది. ఆయన అన్నం చూశాడు గాని వార్చడం చూడలేదు. నవ్వకు, మీ తాతయ్యా అంతే.

గవరయ్య ముఖం వాడిపోయింది. దారి పెట్టడమంటే చిల్లు పెట్టడం. "నా సేత్తో నా తొట్టికి సిల్లెట్టాలా? ఊరు ఏటనుకుంటాది?" అన్నాడు. కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి పక్కన పెట్టేశాడు.

అప్పుడు వసారాలో తప్పుమని చప్పుడైంది. పచ్చయ్య కొమ్మ మీంచి మురుగులో పడ్డాడు. పైడి పరుగున వెళ్ళి తీసింది. ఈసారి ఏడవలేదు. వాణ్ని తెచ్చి తాత మణికట్టు మీద పెట్టింది. ఊసరవెల్లి పట్టు ఎలా ఉంటుందో తెలుసా? పట్టకారు పట్టినట్టే. కాని వాడి కాళ్ళలో ఆ పట్టు లేదు, జారిపోతున్నాడు. ఒక కన్ను మూసుకునే ఉంది. రెండో కన్ను గవరయ్యని చూసింది.

కొత్త తొట్టి చేసి, ఆరబెట్టి, కాల్చాలంటే పది రోజులు. పచ్చయ్యకి పది రోజుల్లేవు. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ మంచి తొట్టినే ఖాళీ చేసి గోనెసంచి మీద బోర్లించాడు. మేకు తీసుకున్నాడు. కొడితే పగులుతుంది, అందుకని నీళ్ళతో తడుపుతూ మెల్లిగా తిప్పాడు. కర్రు కర్రుమంటూ అడుగున ఒక వారగా ఒక చిల్లు పడింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. తొట్టి పగల్లేదు.

మట్టి పోసి, మొక్క పెట్టి, నీళ్ళు చల్లారు. ఒక్క చుక్కా రాలేదు. బురద వెళ్ళి చిల్లుల్లో కూర్చుంది.

పైడి ఇంటి వెనక్కి పరిగెత్తింది. అక్కడ పగిలిన కుండల పెంకులు గుట్టగా ఉన్నాయి. ఎవరికీ కనబడకుండా గవరయ్య దాచుకున్న గుట్ట అది. వంపు తిరిగిన పెంకులు మూడు తెచ్చి, "ఇవి సిల్లుల మీద గొడుగులాగ ఎడదాం తాతా" అంది. పెట్టారు. వాటి మీద గులకరాళ్ళు, రాళ్ళ మీద ఇసుక, ఇసుక మీద కాస్త మట్టి, మట్టిలో జామ మొక్క. నూకమ్మ పాత పొయ్యిరాళ్ళు మూడు తెచ్చి తొట్టిని వాటి మీదకి ఎక్కించింది. చిల్లులున్న వైపు కాస్త ఒరిగేలా, రెండో వైపు రాయి మీద పెంకు ముక్క ఒకటి దోపింది.

గవరయ్య అలవాటు కొద్దీ తొట్టి కింద పొడి బూడిద చల్లాడు.

పైడి వేపమండ విదిలించింది. ముగ్గురూ నేలకి వంగి చూస్తున్నారు. జన్మంతా చుక్క కారకూడదని కూర్చున్న మనిషి, ఆ రోజు ఒక్క చుక్క కారాలని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు.

టప్.

బూడిద తడిసింది. గవరయ్య నేల మీద చతికిలబడి నవ్వాడు. అంత నవ్వు ఆయన దగ్గరుందని నూకమ్మకే తెలీదు.

ఆ తర్వాత మొదటి రోజు పచ్చయ్య చుక్కలు నాకాడు. రెండో రోజు ఈగని పట్టాడు. మూడో రోజు తాత వేలు పట్టుకుంటే విడిపించుకోవడానికి ఇద్దరు కావలసి వచ్చింది. పుళ్ళు మానాయి, కాలు నిలిచింది, ఒళ్ళు లేత జామాకు రంగుకి వచ్చింది. తొట్టి కింద ముంత పెట్టి, అందులో పడిన నీళ్ళు నూకమ్మ ఆనపపాదుకి పోసేది.

ఒకసారి సంతలో పక్క ఊరి కుమ్మరి గట్టిగా అన్నాడు, "ఏటి గవరయ్యా, నీ తొట్టి కారతందట?" సంతంతా ఇటు తిరిగింది. పైడి తాత పంచె పట్టుకుంది.

"కారతాది. నేనే మూడు సిల్లులెట్టాను. మా పచ్చయ్య దానివల్లే బతికాడు" అన్నాడు గవరయ్య, చుట్ట ముట్టించుకుంటూ. ఆ సాయంత్రం కనకాంబరాలు పెంచే ఒకావిడ వాళ్ళింటికొచ్చి, అలాంటి తొట్టి తనకీ ఒకటి కావాలంది.

ఆనపపాదు పందిరంతా అల్లుకున్నాక పైడి గంప ఎత్తేసింది. పచ్చయ్య ఊగుతూ ఊగుతూ పందిరెక్కాడు. ఎక్కడున్నాడో ఎవరికీ కనిపించడు. సాయంత్రం పైడి వేపమండ విదిలిస్తే మాత్రం, ఆకుల్లోంచి ఒక నాలిక బయటికొస్తుంది.

కళ్ళు మూతలు పడుతున్నాయేం? సరే, నాతో అను.

కుండలో నీళ్ళు కుండకి ముద్దు,
తొట్టిలో నీళ్ళు తొట్టికి వద్దు.
పచ్చయ్య పందిట్లోకి, చుక్కేమో పాదులోకి,
కథేమో కంచిలోకి, మనమేమో దుప్పట్లోకి.