డై మీద బొటనవేలు

శేషగిరి పాలిష్ పెట్టిన డైలోంచి వచ్చే ప్రతి మూత మీదా మచ్చ పడుతోంది.

మిక్సీ జార్ల మీద పెట్టే మూతలవి. గాజులాగా అవతలి మనిషి కనపడాలి. కనపడుతున్నాడు కూడా, అంచుకు దగ్గరగా ఒక్కచోట తప్ప. అక్కడ ఎవరో ఊదేసి తుడవడం మరిచిపోయినట్టు మసకగా ఉంది. లారీలో పంపిన సరుకంతా కొన్నవాళ్లు అదే లారీలో తిప్పి పంపేశారు.

డై అంటే కరిగిన ప్లాస్టిక్ లోపలికి వెళ్లి ఆకారం పోసుకునే ఉక్కు అచ్చు. ఉక్కు ఎంత నున్నగా ఉంటే మూత అంత నున్నగా వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోని ఆ షెడ్డులో డైలకు పాలిష్ పెట్టేది సుభానీ మేస్త్రి. శేషగిరి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నవాడు. మేస్త్రి శుక్లం ఆపరేషన్ చేయించుకుని ఇంటిపట్టున ఉన్న రోజుల్లో, శేషగిరి మొదటిసారి తానొక్కడే మొదలుపెట్టి తానొక్కడే ముగించిన డై ఇది. సరిగ్గా దాని మీదే మచ్చ పడాలా?

మచ్చ బయటపడ్డ రోజు యజమాని శోభనాద్రి అందర్నీ మెషిన్ దగ్గరికి పిలిచి, ఎందుకిలా అయిందని అడిగాడు. ఆ షెడ్డులో మోత చెవులు పగిలేలా ఉంటుంది. మాట వినపడాలంటే అరవాల్సిందే. శేషగిరి అరిచే చెప్పాడు.

"డైలో ఏం లేదండీ! గింజల్లో తడి ఉంది! ఈవిడ సరిగ్గా ఆరబెట్టట్లేదు!"

ఈవిడ అంటే రాహేలమ్మ. ప్లాస్టిక్ గింజల్ని మెషిన్‌లో పొయ్యకముందు డ్రయ్యర్‌లో వేడి చేసి తడి లేకుండా ఆరబెట్టడం ఆమె పని. గింజల్లో తడి మిగిలిపోతే వస్తువు మీద మచ్చలు పడే మాట నిజమే. అది అక్కడ అందరికీ తెలుసు. పైగా ముసురు పట్టి ఉంది. ఇంకేం, అందరూ నమ్మేశారు. "నేనెప్పట్లాగే పెట్టానయ్యా" అని రాహేలమ్మ అంటూనే ఉంది గానీ, ఆమె గొంతు ఆ మోతను దాటి రాలేదు. శోభనాద్రి ఆమెను డ్రయ్యర్ దగ్గర్నుంచి తీసేసి చేతికి చీపురు ఇప్పించాడు. ఈ నెలాఖరు దాకా ఊడ్చి, ఆ తర్వాత ఇక రావద్దన్నాడు.

అంతకుముందు వరకూ శేషగిరి ఆమెను పిన్నీ అనే పిలిచేవాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె గిన్నెలోని గోంగూర పచ్చడి అడిగి మరీ వేయించుకునేవాడు. ఉన్నట్టుండి 'ఈవిడ' అన్న మాట నోట్లోకి ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు. ఆ రోజు అన్నం బయట బండి దగ్గర తిన్నాడు. తర్వాత కూడా అక్కడే తింటున్నాడు.

డ్రయ్యర్ దగ్గరికి మరో మనిషి వచ్చాడు. ఒకటికి రెండుసార్లు ఆరబెట్టాడు. మచ్చ మాత్రం అక్కడే, అలాగే పడుతోంది. ఇక లాభం లేదని శోభనాద్రి మేస్త్రికి కబురు పెట్టాడు.

మేస్త్రి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చెయ్యి గోడకు ఆనించుకుంటూ నెమ్మదిగా వచ్చాడు. శోభనాద్రి జరిగిందంతా చెప్పాడు.

"తడి సంగతి మీ శిష్యుడే పట్టుకున్నాడు మేస్త్రీ. కుర్రాడు చురుకైనవాడు. కానీ ఇంకేదో ఉన్నట్టుంది, చూడండి."

మేస్త్రి శేషగిరి వైపు తిరిగాడు. శేషగిరి చూపు దించుకున్నాడు. శోభనాద్రి తన గదిలోకి వెళ్లిపోయాడు.

"నాకింకా కన్ను సరిగ్గా ఆనట్లేదు" అన్నాడు మేస్త్రి, స్టూలు మీద కూర్చుంటూ. "నువ్వే చూసి చెబుదువుగాని. కుప్పలోంచి కాసిని మూతలు పట్రా. ఏవైనా సరే."

శేషగిరి తెచ్చాడు. ప్రతి మూతకూ అంచున చిన్న నొక్కు ఉంటుంది. మేస్త్రి వేళ్లతో తడుముకుంటూ నొక్కు మీద నొక్కు వచ్చేలా మూతల్ని దొంతి పేర్చి, శేషగిరి చేతుల్లో పెట్టాడు.

"లైటు కింద పట్టుకుని పైనుంచి చూడు. ఎన్ని మచ్చలు కనపడుతున్నాయి?"

శేషగిరి చూశాడు. పై మూత నుంచి అడుగు మూత దాకా మసక ఒకే చోట నిలువునా దిగిపోయి ఉంది.

"ఒకటే, మేస్త్రీ."

"తడి ఇంత బుద్ధిగా ఒకేచోట కూర్చుంటుందా?"

శేషగిరి దొంతిని గబుక్కున కింద పెట్టేశాడు.

ఆ మెషిన్ ఒక్కటీ ఆపించాడు మేస్త్రి. మిగతావి మోగుతూనే ఉన్నాయి. డై తెరిపించి, చల్లనీళ్లు తిప్పించి, ఉక్కు వేడి తగ్గేదాకా కూర్చున్నాడు. ఆ సేపంతా ఏమీ అడగలేదు. ఏదైనా అడిగితే బాగుండునని శేషగిరికి ఉంది. నాలుగు తిట్లు తిట్టినా ఫరవాలేదు.

తర్వాత మేస్త్రి లేచి, ముక్కూ మూతీ కప్పుకున్న రుమాలు కిందికి లాక్కున్నాడు. డై మీదికి వంగి, నోరు తెరిచి ఉక్కు మీద నిండుగా ఒక ఊపిరి వదిలాడు.

"ఏం కనపడుతోంది?"

అద్దంలాంటి ఉక్కు మీద ఆవిరి తెల్లగా పరుచుకుంది. ఆ తెలుపులో, అంచుకు దగ్గరగా, ఒక బొటనవేలు లేచింది. గీత పక్కన గీత, చుట్లు చుట్లుగా. గీతల్ని అడ్డంగా కోస్తూ ఒక చారిక. పని నేర్చుకునే మొదట్లో ఆకురాయి తగిలి తెగితే శేషగిరి వేలికి మిగిలిన చారిక అది. శేషగిరి చూస్తుండగానే ఆవిరి ఆరిపోయింది. వేలూ పోయింది.

"ఏం కనపడట్లేదు మేస్త్రీ" అన్నాడు.

మేస్త్రి మళ్లీ వంగి మళ్లీ ఊదాడు.

"ఇప్పుడు?"

"మసగ్గా ఏదో ఉంది."

మేస్త్రి కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. పెద్దవయసు, పైగా ఎక్కువ వంగొద్దని డాక్టరు చెప్పిన మనిషి. స్టూలు పట్టుకుని ఇంకోసారి వంగబోయాడు. శేషగిరి తట్టుకోలేకపోయాడు. ఆయన భుజం పట్టుకుని ఆపాడు.

"వేలిముద్ర మేస్త్రీ. నాదే."

డై పూర్తయిన సాయంత్రం అతనికి బాగా గుర్తుంది. మేస్త్రి అయితే పూర్తయిన డైని ఒక్క చూపు చూసి, నూనె గుడ్డ అందిస్తాడు. మెచ్చుకోవడమంటే అంతే. ఆ సాయంత్రం చూసేవాడు లేడు. ఉక్కులో తన ముఖం తనకే కనపడింది, మీసంలో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా. మురిసిపోయాడు. ఇది నేను చేసిందే అన్నట్టు, చెమట చేత్తో, తొడుగైనా లేకుండా, బొటనవేలు ఆనించి నొక్కాడు. పాలిష్ పెట్టిన ఉక్కును ఒట్టి చేత్తో తాకకూడదన్నది మేస్త్రి నేర్పిన మొదటి పాఠం. తర్వాత గుడ్డతో తుడిచాడు. పోయిందనుకున్నాడు. నూనె రాయకుండానే ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు సెలవు. ముసురులో ఆ చెమట ఉక్కును మెల్లగా తినేసింది.

అదైనా పొరపాటే అనుకోవచ్చు. కానీ మచ్చ బయటపడ్డ రోజు, అందరూ మెషిన్ చుట్టూ నిలబడ్డప్పుడు, ఆ వేలు అతనికి గుర్తు రాక కాదు. వచ్చింది. గుర్తొచ్చినందుకే అంత గట్టిగా అరిచాడు. ఇప్పుడు మేస్త్రి ముందు నిలబడితే తల కొట్టేసినట్టుగా ఉంది.

మేస్త్రి తన పెట్టె తెరిచి పాలిష్ ముద్ద, సన్నటి కర్ర తీశాడు. చేతికి తొడుగు వేసుకున్నాడు.

"నేను తీస్తాను మేస్త్రీ, మీరు కూర్చోండి."

"దీనికి కన్నుతో పన్లేదు. నేను చూసుకుంటాను."

"మరి నేనేం చెయ్యను?"

మేస్త్రి అప్పటికే రుద్దడం మొదలుపెట్టాడు.

"ఆవేళ ఎంత గొంతుతో చెప్పావు?"

"అరిచి చెప్పాను."

"అంతే గొంతుతో చెప్పు."

రాహేలమ్మ షెడ్డు చివర, మెషిన్ల మధ్య ఊడుస్తోంది. శేషగిరి ఆమె దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"పిన్నీ, తప్పు నాదే" అన్నాడు.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏంటీ? వినపడట్లా."

బయటికి తీసుకెళ్లి, బండి దగ్గర ఓ టీ ఇప్పించి, మెల్లగా చెబితే సరిపోతుందేమో అనిపించింది. అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది.

"గింజల్లో తడి లేదు!" అని అరిచాడు. "డై మీద పడింది నా వేలు! నాకు తెలిసే పిన్ని మీదికి తోశాను!"

మెషిన్ల దగ్గరున్న తలలన్నీ ఇటు తిరిగాయి. శోభనాద్రి గది తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

"ఏంటది? మళ్లీ చెప్పు!"

శేషగిరి మళ్లీ చెప్పాడు. మొదటిసారి కంటే రెండోసారి కష్టమైంది. అందరూ అతని ముఖంలోకే చూస్తున్నారు. శోభనాద్రి అన్న మాటలు ఒక్కటీ అతని చెవికెక్కలేదు. రాహేలమ్మ చీపురు గోడకు ఆనించి పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, డ్రయ్యర్ దగ్గరికి వెళ్లి నిలబడటం మాత్రం చూశాడు. ఆవిడను అక్కడినుంచి ఎవరూ పొమ్మనలేదు.

మధ్యాహ్నం శేషగిరి బయట బండి దగ్గరికి వెళ్లలేదు. అందరితో పాటు కింద కూర్చుని తన గిన్నె తెరిచాడు. రాహేలమ్మా తన గిన్నె తెరిచింది. గోంగూర వాసన వచ్చింది. ఆమె ఇటు జరపలేదు. అతను అడగలేదు.

సాయంత్రానికి మేస్త్రి పని ముగించాడు. శేషగిరిని పిలిచి, డై మీదికి వంగమన్నట్టు గడ్డం ఊపాడు. శేషగిరి వంగి, నోరు తెరిచి, నిండుగా ఊదాడు. ఉక్కు మీద తెల్లటి ఆవిరి ఒక్క గీతైనా లేకుండా పరుచుకుని ఆరిపోయింది.

"పోయింది మేస్త్రీ."

"ఉక్కు మీద పోయింది" అన్నాడు మేస్త్రి, నూనె గుడ్డ అతని చేతికి అందిస్తూ.